అన్నీ ఒకే అచ్చు పడవలు: క్లబ్ పందేల కోసం ‘సోనార్’ను ఎలా రూపొందించారు?

తెరచాప పడవల పందెంలో ముందుగా గమ్యం చేరినవారిని గెలిపించింది వారి నైపుణ్యమా, లేక వారు వెచ్చించిన ధనమా అన్న సందేహం చాలా పాతది. పొడవు, బరువు, తెరచాప వైశాల్యం వంటి అంశాల్లో ఏ స్వల్ప భేదమైనా పడవ వేగాన్ని మార్చివేస్తుంది. వేర్వేరు పడవలు పోటీ పడినప్పుడు వాటి సామర్థ్యాన్ని అంచనా వేసి, పట్టిన కాలాన్ని సవరించి విజేతను నిర్ణయించే ‘హ్యాండిక్యాప్’ పద్ధతి ఒకటి ఉంది. అయితే ఆ లెక్క పూర్తయ్యేవరకూ గెలుపెవరిదో తేలదు. అంచనా న్యాయమైనదేనా అన్న వివాదమూ వెంటాడుతుంది.

దీనికి ప్రత్యామ్నాయమే ‘వన్-డిజైన్’ విధానం. పోటీలోని పడవలన్నీ ఒకే నమూనాలో, ఒకే కొలతలతో ఉండాలన్నది దాని నియమం. 1887లో ఐర్లండ్‌లోని డబ్లిన్ తీరంలో మొదలైన ‘వాటర్ వాగ్’ పడవల శ్రేణిని ఈ విధానానికి ఆద్యంగా పరిగణిస్తారు. ఏటేటా మరింత ఖరీదైన పడవను కొనగలిగినవారికే గెలుపు దక్కే పరిస్థితిని తప్పించడమే నాడు దాని ఉద్దేశం.

ఒక క్లబ్ అవసరం నుంచి

ఆ ఆలోచన ఆధునిక రూపంలో ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ‘సోనార్’ చక్కని ఉదాహరణ. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఉన్న నొరోటన్ యాట్ క్లబ్ కోసం 1980 ప్రాంతంలో బ్రూస్ కర్బీ దీన్ని రూపొందించారు. కెనడాలో జన్మించిన కర్బీ ఆ దేశం తరఫున మూడు ఒలింపిక్స్‌లో పాల్గొన్న నావికుడు. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో ఏటా జరిగే సెయిలింగ్ పోటీల ద్వారా తెలుగువారికి పరిచయమైన ‘లేజర్’ పడవ రూపకర్త కూడా ఆయనే.

లేజర్‌ను ఒక్కరే నడుపుతారు. గాలి బలంగా వీచి పడవ ఒరిగినప్పుడు, నావికుడు అంచుకు చేరి శరీరాన్ని వెలుపలికి వాల్చి దాన్ని నిలబెట్టాలి. క్షణం ఏమరినా బోల్తా పడుతుంది. యువ క్రీడాకారులకు అది ఉత్సాహకరమే. కానీ శిక్షణ పొందుతున్న బాలలు మొదలు అరవయ్యేళ్లు దాటిన సభ్యుల వరకూ అందరూ దిగే క్లబ్ పందేనికి అంతకంటే స్థిరమైన పడవ కావాలి.

అడుగున సీసం ఎందుకు?

ఆ స్థిరత్వాన్నిచ్చేది కీల్. పడవ అడుగు నుంచి నీటిలోకి నిలువుగా దిగే బరువైన రెక్క ఇది. దీనికి రెండు విధులున్నాయి. మొదటిది, పడవ పక్కకు కొట్టుకుపోకుండా ఆపడం. గాలి తెరచాపను ఒకవైపు నెడుతుంటే, నీరు కీల్‌ను ఎదురువైపు నుంచి అడ్డుకుంటుంది. తడి చింతగింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే ముందుకు జారినట్లు, ఈ రెండు ఒత్తిళ్ల నడుమ పడవ ముందుకు సాగుతుంది. రెండోది, ఒరిగిన పడవను తిరిగి నిలబెట్టడం. ఎటు వంచినా లేచి నిలిచే తంజావూరు బొమ్మలో మాదిరిగా, ఇక్కడా బరువు అడుగునే ఉంటుంది.

సోనార్ పొడవు 23 అడుగులు, అంటే సుమారు ఏడు మీటర్లు. మొత్తం బరువు సుమారు 950 కిలోలు కాగా, అందులో 420 కిలోలకు పైగా అడుగున ఉన్న సీసానిదే. పడవ బరువులో ఇది దాదాపు 44 శాతం. ఇంకా బరువు పెంచితే స్థిరత్వం పెరుగుతుంది కానీ వేగం తగ్గుతుంది. కీల్‌ను మరింత లోతుకు దించితే అదే బరువు మరింత సమర్థంగా పనిచేస్తుంది కానీ లోతు తక్కువగా ఉన్న రేవుల్లోకి పడవ రాలేదు. కర్బీ 1.2 మీటర్ల లోతు వద్ద ఆగారు. క్యాబిన్‌కు చోటు కేటాయించకుండా, నావికులు కూర్చునే కాక్‌పిట్‌ను విశాలంగా ఉంచారు. అందువల్ల నేర్చుకునేవారి పక్కనే శిక్షకుడూ కూర్చోగలరు.

మెరుగుపరచరాదన్న నియమం

ఇలా ఖరారైన నమూనాను ఆపై ఎవరూ ఇష్టానుసారం మార్చరాదు. వన్-డిజైన్ శ్రేణులు ఇందుకోసం కఠిన నిబంధనలు విధిస్తాయి. ఉదాహరణకు 1977లో విపణిలోకి వచ్చి, ఐదు వేలకు పైగా తయారైన ‘జె/24’ శ్రేణిలో కీల్ ఆకృతిని అచ్చుపలకలు పెట్టి సరిచూస్తారు. నావికులందరి బరువు కలిపి 400 కిలోలు మించకూడదు. కీల్‌ను కాస్త సన్నగా అరగదీసినా వేగం పెరిగే వీలుండటమే ఈ జాగ్రత్తకు కారణం.

దీనికి చెల్లించే మూల్యమూ ఉంది. కొత్త పదార్థాలతో, కొత్త ఆకృతులతో మరింత వేగవంతమైన పడవలు వస్తున్నా, ఈ శ్రేణులు పాత నమూనాకే కట్టుబడి ఉండాలి. బదులుగా, జాగ్రత్తగా కాపాడుకున్న పాత పడవకూ కొత్తదానితో పోటీపడే అవకాశం మిగులుతుంది. పరిమిత ఆదాయం గల సభ్యులకు అదే ఆసరా.

ఎవరికి చోటు దొరికింది?

స్థిరత్వం, విశాలమైన కాక్‌పిట్ సోనార్‌ను క్లబ్ పరిధి దాటించాయి. 2000 నుంచి 2016 వరకు పారాలింపిక్స్‌లో ముగ్గురు నావికుల విభాగానికి ఇదే పడవను ఉపయోగించారు. వైకల్య తీవ్రతను బట్టి ఒక్కొక్కరికి ఒకటి నుంచి ఏడు వరకు పాయింట్లు కేటాయించేవారు. వైకల్యం ఎంత తీవ్రమైతే పాయింట్లు అంత తక్కువ. ముగ్గురి మొత్తం 14 దాటకూడదు. దీంతో తీవ్ర వైకల్యం ఉన్నవారికీ జట్టులో స్థానం దక్కింది.

2016 రియో క్రీడల తర్వాత పారాలింపిక్స్ నుంచి సెయిలింగ్‌నే తొలగించారు. ఆ వేదిక పోయినా, ఏ క్లబ్ పందేల కోసం రూపొందిందో ఆ పందేల్లో సోనార్ నేటికీ కొనసాగుతోంది.