గాలిలో నిలబడడానికి ఎన్ని యూనిట్లు?

'రేపు కాలేజీలో సైన్సు ఇంగ్లీషులోనే కదా, ఇప్పుడు తెలుగు బడి ఎందుకు?' సోలాపూర్ పేటల్లో మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది. సాంచాల మీద చాదర్లు, టవళ్లు నేసే ఇళ్లలో సైన్సుకు కావలసిన తెలుగు ఎంత ఉందో ఒక కొత్త విషయంతోనే చూద్దాం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు డ్రోన్లు ఆహార పొట్లాలు, నీళ్ల సీసాలు అందించాయి. ఫోను సిగ్నలును కూడా అవి అందించగలవు. 2017లో మారియా తుపాను ప్యూర్టోరికో ద్వీపంలో సెల్ నెట్‌వర్కును దెబ్బతీస్తే, ఏటీ అండ్ టీ కంపెనీ సిగ్నలు పరికరాన్ని డ్రోన్‌కు అమర్చి సుమారు 200 అడుగుల ఎత్తున నిలిపింది.

చిక్కల్లా బ్యాటరీతోనే. పెళ్లి వీడియోలు తీసే డ్రోన్ అరగంటకల్లా కిందికి దిగాల్సిందే. నెత్తిన నీళ్ల బిందెతో కదలకుండా నిలబడినా మెడ నొప్పి పెడుతుంది కదా! డ్రోన్ కూడా అంతే. ఉన్నచోటే ఆగి ఉన్నా దాని రెక్కలు గాలిని కిందికి తోస్తూనే ఉండాలి. శక్తిలో ఎక్కువ భాగం ఆ పనికే పోతుంది, సిగ్నలుకు అయ్యేది కొంచెమే.

పెద్ద బ్యాటరీ పెడితే సరిపోదా అని పిల్లలు అడుగుతారు. బ్యాటరీకీ బరువుంటుంది. రెక్కలు అవే ఉండి మొత్తం బరువు రెట్టింపైతే, నిలబడడానికి కావలసిన సామర్థ్యం సుమారు 2.8 రెట్లవుతుంది. అందుకే ప్యూర్టోరికోలో గాలిపటానికి దారం కట్టినట్టు డ్రోన్‌కు తీగ కట్టి, నేల మీద నుంచే కరెంటు ఇచ్చారు. గంటల తరబడి నిలిచింది గానీ తీగ పొడవు దాటి పోలేదు.

ఫేస్‌బుక్ మరో దారి పట్టింది. ఇంటర్నెట్ లేని ప్రాంతాల కోసం తయారుచేసిన అక్విలా అనే సౌర విమానం 2016 జూన్‌లో తొలిసారి 96 నిమిషాలు ఎగిరింది. బోయింగ్ 737 అంత వెడల్పు రెక్కలున్నా, తక్కువ ఎత్తులో దానికి 2,000 వాట్లే చాలాయని కంపెనీ చెప్పింది. పొడవైన రెక్కలతో ముందుకు సాగేదానికి, ఒకేచోట వేలాడేదానికన్నా తక్కువ శక్తి చాలు. అయినా 2018లో ఫేస్‌బుక్ ఆ విమానాల తయారీ మానుకుంది.

ఆ 2,000 వాట్లు ఎంతో మన ఇళ్లలో ఇట్టే చెప్పవచ్చు. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. అలాంటి మోటార్లు మూడు పూర్తి లోడు మీద తిరిగేదానికన్నా కాస్త తక్కువే. గంటకు రెండు యూనిట్లు.

వాట్ సామర్థ్యానికి కొలత, యూనిట్ శక్తికి కొలత. ఈ తేడా తెలుగులో గట్టిగా పట్టుబడిన పిల్లవాడు రేపు ఇంగ్లీషులో కొత్తగా నేర్చుకోవలసింది మాట మాత్రమే, విషయం కాదు. ఈ నెల కరెంటు బిల్లు వచ్చినప్పుడు దాన్ని పిల్లల చేతికివ్వండి. మన సాంచా గంటకు ఎన్ని యూనిట్లు తింటుందో వాళ్లనే లెక్కకట్టమనండి.