ఒక్క సర్వర్ ఎంతమందిని మోస్తుంది?

తెలంగాణలో ఏటా ఇంటర్ పరీక్షలు రాసేది 9 లక్షల మందికి పైనే. ఫలితాలు వచ్చిన తొలి నిమిషంలో 3 లక్షల మంది సైట్ తెరిచారనుకుందాం. అంటే సెకనుకు 5,000 మంది. ఒక్కొక్కరి పని 0.2 సెకనులో ముగిస్తే, ఏ క్షణాన చూసినా తెరిచి ఉండే కనెక్షన్లు 1,000 మాత్రమే.

ఇప్పుడు పినపాక వైపు చూద్దాం. ఇలాంటి అడవి అంచు మండలాల్లో సిగ్నల్ సన్నగిల్లిన చోట అదే పేజీకి 10 సెకన్లు పట్టవచ్చు. పదిమందిలో ఒక్కరి ఫోన్ అలా ఉన్నా లెక్క తారుమారవుతుంది. నెమ్మది ఫోన్లవి 500 × 10 = 5,000 కనెక్షన్లు, మిగతావి 900. మొత్తం 5,900. జనం పెరగలేదు, భారం దాదాపు ఆరింతలైంది.

1999లో డాన్ కెగెల్ అనే ఇంజినీరు అడిగిన ప్రశ్న ఇదే: ఒక్క సర్వర్ ఒకేసారి 10,000 మందికి ఎందుకు బదులివ్వలేదు? 1 జీబీ మెమరీని అంతమందికి పంచినా తలా 100 కేబీ వస్తుంది, పేజీ పంపడానికి అది చాలు. చిక్కంతా మనిషికో థ్రెడ్ (ప్రోగ్రాంలో విడిగా నడిచే పని) కేటాయించే పద్ధతిలో ఉంది. థ్రెడ్‌కు 2 ఎంబీ చొప్పున పక్కన పెట్టినా 10,000కు 20 జీబీ కావాలి. 32 బిట్ యంత్రానికి అందే చిరునామాలు మొత్తం 4 జీబీవే. టిఫిన్ హోటల్లో తినేవాడు లేచేదాకా సప్లయర్ ఒకే టేబుల్ దగ్గర నిలబడ్డట్టే ఇది.

2002లో లినక్స్‌లో చేరిన ‘ఈపోల్’ ఆ తీరు మార్చింది. ఎవరి దగ్గర నుంచి డేటా వచ్చిందో ఆ కనెక్షన్ల జాబితానే అందిస్తుంది. ఊరికే ఎదురుచూసేవి కాస్త మెమరీ తప్ప ప్రాసెసర్ సమయం తినవు. 2004లో విడుదలైన ‘ఇంజిన్ఎక్స్’ అనే వెబ్ సర్వర్ ఈ దారినే నడిచింది. 2012 నాటికి వాట్సాప్, ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఇలాంటి ఏర్పాటుతోనే, ఒక్క సర్వర్‌పై 20 లక్షల కనెక్షన్లు నిలిపింది.

మరి ఫలితాల సైట్లు ఎందుకు మొరాయిస్తాయి? ప్రతి హాల్ టికెట్‌కూ డేటాబేస్‌ను కదిలిస్తే అక్కడ వరుస పెరుగుతుంది. జవాబు రాక జనం రిఫ్రెష్ నొక్కితే ఆ వరుస ఇంకా సాగుతుంది. నిజానికి మార్కుల మెమో ఒక్కోటి 1 కేబీ అనుకుంటే 9 లక్షల మెమోలూ 900 ఎంబీలో ఇముడుతాయి. ముందే తయారుచేసి మెమరీలో ఉంచితే డేటాబేస్‌తో పనే లేదు.

అందుకే సైట్‌ను పరీక్షించేవారు ఆఫీసులోని ఫైబర్ లైన్ వేగాన్ని నమ్ముకోకూడదు. 10 సెకన్లు పట్టే ఫోన్లను లెక్కలో వేసుకుని, అప్పుడు చెప్పాలి ఎన్ని సర్వర్లు కావాలో.