రెస్టాల్రిగ్: కన్నుల బావి గల ఊరు

స్కాట్లండు రాజధాని ఎడింబరో నగరపు తూర్పు భాగమున, లీత్ రేవుకు చేరువలో, రెస్టాల్రిగ్ అను చిన్న శివారు కలదు. నేడు ఇండ్ల వరుసల నడుమ ఒదిగియున్న ఈ చోటు మధ్యయుగమున పేరొందిన యాత్రాస్థలము.

ట్రిడ్యువానా అను కన్య, తన కన్నులను మోహించిన రాజునకు ఆ కన్నులనే పెరికి పంపెనని ఐతిహ్యము. ఆమె ఇచ్చటనే కన్నుమూసెనని నమ్మి, నేత్రరోగులు దూరప్రాంతములనుండి వచ్చెడివారు. వైద్యమునకు లొంగని అంధత్వము గలవారికి ఇదియే కడపటి ఆశ. మూడవ జేమ్సు రాజు 1487లో పలువురు మతాచార్యులతో కూడిన చర్చిని ఇచ్చట నెలకొల్పెను. దాని ప్రక్కనే ఆరు కోణముల రెండంతస్తుల మందిరము వెలసినది.

1560లో స్కాట్లండున మతసంస్కరణ విజయము పొందినది. ఈ చర్చి విగ్రహారాధనకు నెలవైనదనియు, కూల్చివేయవలసినదనియు సంస్కర్తల మహాసభ ఆజ్ఞాపించెను. యాత్రలు ఆగిపోయినవి. మందిరపు పై అంతస్తు నశించినది; క్రింది గది మాత్రము మట్టిదిబ్బ క్రింద మిగిలి, సమాధిగృహముగా ఉపయోగపడినది.

శిథిలమైన చర్చిని విలియం బర్న్ అను వాస్తుశిల్పి 1836లో పునర్నిర్మించెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున క్రింది గదిని బాగుచేయించగా, దాని నేలనుండి నీరు ఊరుచుండుట వెల్లడియైనది. ఆజ్ఞలు గోడలను కూల్చగలిగినవి. యాత్రికులను రప్పించిన ఊట మాత్రము మూడు శతాబ్దములకు పైగా చీకటిలో నిలిచియే ఉన్నది.