ముందు వచ్చినోడు గెలవని పందెం



పందెం అంటే ఎవరు ముందు గీత దాటితే వాళ్ళదే గెలుపు అని మనకు తెలుసు. కానీ డ్రిఫ్టింగ్ అనే కార్ల పోటీలో అలా కాదు. అక్కడ జడ్జీలు మార్కులు వేస్తారు. ఎలా వేస్తారో నాకు అర్థమైనంత వరకు చెబుతాను.

డ్రిఫ్టింగ్ అంటే ఏమిటి? వానలో మట్టిరోడ్డు మీద సైకిల్ వెనక బ్రేకు గట్టిగా పడితే వెనక చక్రం పక్కకి జారుతుంది కదా! అట్లాగే కారు వెనక చక్రాలను కావాలనే జారనిచ్చి, ముందు చక్రాలను ఎదురువైపు తిప్పి, పడిపోకుండా మలుపంతా అడ్డంగా వెళ్ళడమే డ్రిఫ్టింగ్. ఇది జపాన్‌లో పుట్టింది. కెయిచి సుచియా అనే డ్రైవరు దీనికి బాగా పేరు తెచ్చాడు. అక్కడ 2000లో డి1 గ్రాండ్ ప్రి పోటీలు మొదలైనాయి. అమెరికాలో 2004లో ఫార్ములా డ్రిఫ్ట్ మొదలైంది.

ఫార్ములా డ్రిఫ్ట్‌లో ముగ్గురు జడ్జీలు ఉంటారు. ఒక్కొక్కరు ఒక్కో విషయమే చూస్తారు.

1. దారి: కారు ఎటు పోవాలో జడ్జీలు పోటీకి ముందే డ్రైవర్లకు చెప్పేస్తారు. మలుపు లోపలివైపు గుర్తుకు కారు ముందు భాగం దగ్గరగా రావాలి. బయటివైపు గీసిన చోటును వెనక చక్రాలు తాకుతూ పోవాలి.

2. కోణం: కారు ఎంత అడ్డంగా తిరిగింది, అలాగే నిలిచిందా, మధ్యలో వంకర్లు పోయిందా అని చూస్తారు.

3. తీరు: జారడం ఎంత చురుగ్గా మొదలుపెట్టాడు, ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకి ఎంత సాఫీగా మారాడు, భయపడి వెనక్కి తగ్గాడా అని చూస్తారు.

ఒంటరి పరుగులో అన్నీ కలిపి 100 మార్కులు. కారు గిర్రున తిరిగిపోతే సున్నా! ఎంత పొగ లేపినా లాభం లేదు.

తర్వాత జంట పరుగు. ముందు కారు చెప్పిన దారిలో సరిగ్గా పోవాలి. వెనక కారు దానికి నీడలాగా అతి దగ్గరగా, అదే కోణంలో పోవాలి, గుద్దకూడదు. ముందువాడు అనుకోని చోట వేగం తగ్గించి గుద్దుకుంటే తప్పు ముందువాడిదే. తర్వాత స్థానాలు మారతాయి. ముందున్నవాడు వెనక్కి, వెనకున్నవాడు ముందుకి. అందువల్ల ఎవరికీ అన్యాయం జరగదు. తేల్చలేకపోతే మళ్ళీ పరుగెత్తిస్తారు.

మనిషి కన్ను పొరబడదా అని మీరు అడగొచ్చు. అందుకే డి1 వాళ్ళు కార్లలో యంత్రం పెట్టి వేగాన్నీ కోణాన్నీ కొలుస్తున్నారు. అయినా వెనక కారు ఎంత ధైర్యంగా దగ్గరికి వచ్చిందో తేల్చడానికి జడ్జీలు ఉండాల్సిందే.

నాకు బాగా నచ్చింది ఒకటి ఉంది. ఏం చూసి మార్కులు వేస్తారో ముందే చెప్పేస్తారు. మన పాటల పోటీ, వక్తృత్వం అయిపోయాక “జడ్జీలు వాళ్ళవైపే” అనే గొణుగుడు వినిపిస్తుంది. గొంతుకు ఇన్ని, భావానికి ఇన్ని, ఉచ్చారణకు ఇన్ని అని ముందే ఈ గోడ మీద రాసి పెడితే ఓడినవాడికి కూడా ఎక్కడ తగ్గిందో తెలుస్తుంది. మరుసటి ఏడు అక్కడే కష్టపడతాడు. వార్డెన్ గారు ఆలోచించాలని మనవి.

ఒక హెచ్చరిక: అది మూసిన ట్రాక్ మీద, హెల్మెట్, కారు లోపల ఇనుప పంజరం పెట్టుకుని ఆడే ఆట. రోడ్డు మీద ఎవరూ సైకిలుతో కూడా ప్రయత్నం చేయొద్దు!