క్రొత్తతొట్టిలోని చేపలు

చెరువునీరు పలుమారు కలకబారి యుండును. దాని అడుగున బురద యుండును. అంచులందు నాచు పేరుకొనియుండును. రాలిన ఆకులలములు అందే క్రుళ్లుచుండును. అయినను ఆ నీటిలో చేపలు ఏండ్ల తరబడి సుఖముగా జీవించును. అద్దమువలె తేటగా నున్న నీటితో నింపిన క్రొత్త గాజుతొట్టిలో విడిచిన చేపలు మాత్రము పది పదునైదు దినములలోనే మరణించుట కలదు. మురికినీట బ్రదికెడు ప్రాణి తేటనీట చచ్చుట వింతగా తోచును. ఈ వింతకు గల కారణము కంటికి కనబడునది కాదు.

క్రొత్తగా తొట్టి కొనిన ఇండ్లలో తరచుగా జరుగు సంగతి ఇది. 40 లీటర్ల తొట్టియు, ఇసుకయు, గాలిపంపుతో కూడిన ఫిల్టరును, ఎనిమిది బంగారుచేపలును ఒకే దినమున ఇల్లు చేరును. పిల్లల సంతోషమునకు మేర యుండదు. చేప నోరు తెరచినప్పుడెల్ల దానికి ఆకలి యైనదని తలచి, దినమునకు నాలుగైదుమారులు మేత చల్లుదురు. వారము గడచునప్పటికి చేపలు మేత ముట్టక, నీటి పైభాగమునకు వచ్చి ఆయాసపడుచుండును. మరి రెండుమూడు దినములకు ఒక చేప వెల్లకిల తేలును. అంగడివాడు రోగపు చేపలను అంటగట్టినాడని ఒకరు, దిష్టి తగిలినదని మరియొకరు అందురు. పిమ్మట నీటినంతయు పారబోసి, ఇసుకను, ఫిల్టరును కుళాయి క్రింద కడిగి, మరల నీరు నింపి, వేరు చేపలను తెత్తురు. కొలది దినములకు వానికిని అదే గతి పట్టును. ప్రేమతో చల్లిన మేతయే ముప్పు తెచ్చినదని ఆ పిల్లలెరుగరు.

చేప తిన్న ఆహారములోని మాంసకృత్తులు శరీరమునందు వినియోగపడిన పిమ్మట అమ్మోనియా అను పదార్థము మిగులును. చేప దీనిని ముఖ్యముగా మొప్పల ద్వారా నీటిలోనికి విడుచును. తినక మిగిలిన మేతయు, మలమును క్రుళ్లినప్పుడు మరికొంత అమ్మోనియా పుట్టును. నీటిలో కరగిన అమ్మోనియాకు రంగుండదు. కొద్దిగా నున్నప్పుడు వాసనయు తెలియదు. కాని అది మొప్పల మృదువైన పొరలను గాయపరచి, చేపకు ఊపిరి సలుపకుండ చేయును. నీటికి వేడియు, క్షారగుణమును హెచ్చినకొలది దాని విషము తీవ్రమగును. నదిలో పుట్టిన అమ్మోనియా ప్రవాహములో కలిసి పలుచనగును. నాలుగు గాజుపలకల నడుమ చిక్కిన నీటికి పోవు దారి లేదు.

అట్లయిన, కదలని చెరువునీరు విషపూరితము కాకుండుట యెట్లు? అచ్చటి ఇసుకను, రాళ్లను, బురద పైపొరను, మొక్కల కాడలను అంటిపెట్టుకొని కోట్లకొలది సూక్ష్మజీవులు నివసించుచున్నవి. వానిలో ఒక తెగ అమ్మోనియాను ఆమ్లజని సాయమున నైట్రైటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. అది మొప్పలగుండ రక్తమున ప్రవేశించి దానిని గోధుమవన్నెకు మార్చును. అట్టి రక్తము ఆమ్లజనిని మోయజాలదు. అందుచేత నీటిలో గాలి సమృద్ధిగా నున్నను చేప ఊపిరికై తపించును. రెండవ తెగ సూక్ష్మజీవులు ఈ నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు వలన కలుగు హాని మిక్కిలి తక్కువ. పైగా అది మొక్కలకు ఎరువు. ఒక ప్రాణి విడిచిన వ్యర్థము మరియొకదానికి ఆహారమగు ఈ క్రమము నత్రజని చక్రములోని భాగము. క్రొత్తతొట్టిలో నీరు, ఇసుక, చేపలు అన్నియు ఉండును. ఈ సూక్ష్మజీవులు మాత్రము తగినన్ని ఉండవు.

ఈ రహస్యము ఒక్క దినమున బయటపడినది కాదు. 1850 లో లండను నగరమున రాబర్టు వారింగ్టను అను రసాయన శాస్త్రజ్ఞుడు ఒక తొట్టిలో బంగారుచేపలను, నీటిమొక్కలను, నత్తలను కలిపి పెంచి, అవి ఒకదానికొకటి తోడ్పడుచు జీవించుటను వివరించెను. మొక్కలు ఆమ్లజని నిచ్చుటను ఆయన గుర్తించెను గాని, సూక్ష్మజీవుల పాత్ర అప్పటికి ఎవ్వరికిని తెలియదు. 1877 లో ఫ్రాన్సు దేశమున ష్లోజింగు, ముంట్సు అను శాస్త్రజ్ఞులు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టముగుండ మురుగునీటిని మెల్లగా పోనిచ్చిరి. తొలి 20 దినములు అందలి అమ్మోనియా మారలేదు. పిదప దానికి బదులు నైట్రేటు వెలువడసాగెను. గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరిని పంపగానే ఆ మార్పు నిలిచిపోయెను. ఇసుక గుణమే కారణమైనచో అన్ని దినములు పట్టనేల? క్లోరోఫారమునకు లొంగనేల? కావున ఆ పని చేయునవి ప్రాణులేయని తేలినది. వారింగ్టను కుమారుడు, తండ్రి పేరే గలవాడు, ఈ మార్పు రెండు మెట్లలో వేర్వేరు జీవుల వలన జరుగునని తన పరిశోధనలతో చూపెను. 1890 ప్రాంతమున రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాద్‌స్కీ ఆ జీవులను వేరుచేయగలిగెను. రెండు మెట్లను ఒంటరిగానే ఎక్కగల జీవులును కలవని 2015 లో వెల్లడియైనది.

ఆ గొట్టములోని ఇసుకవలెనే క్రొత్తతొట్టికిని కాలము కావలెను. అనుకూలస్థితిలో కొన్ని సూక్ష్మజీవులు అరగంటలోపుననే రెండింతలగును. అమ్మోనియాపై బ్రతుకు ఈ జీవులు అట్లు పెరుగుటకు పలుగంటలు, ఒక్కొక్కప్పుడు దినమంతయు పట్టును. అందుచేత తొట్టి కుదుటపడుటకు సాధారణముగా నాలుగు మొదలు ఎనిమిది వారములు గడచును. మొదట అమ్మోనియా పెరిగి, పిదప తగ్గును. అది తగ్గుచుండగా నైట్రైటు పెరుగును. తుదకు అదియు అడగి, నైట్రేటు మాత్రమే మిగులును. అమ్మోనియా తగ్గగానే గండము గడచినదని తలచువారు రెండవ విషము సంగతి మరతురు.

చేపలను తెచ్చుటకు ముందే, కొంచెము అమ్మోనియాను వేసి సూక్ష్మజీవులను పెంచుట ఉత్తమమైన పద్ధతి. చేపలు ముందే తొట్టి చేరినచో వానిని కాపాడుటకు మార్గములు లేకపోలేదు. చేపలు ఎక్కువైనచో కొన్నింటిని కుదుటపడిన వేరొక తొట్టికి పంపవలెను. రెండుమూడు నిమిషములలో తినగలిగినంత మేతను దినమున కొక్కమారు మాత్రమే వేయవలెను. పరీక్షా ద్రావకములతో ప్రతిదినము నీటిని పరీక్షించి, అమ్మోనియా గాని నైట్రైటు గాని లీటరునకు అర మిల్లీగ్రామును చేరకముందే నాలుగవవంతు నీటిని మార్చవలెను. 40 లీటర్ల తొట్టికి అది 10 లీటర్లు. విషము తగ్గనిచో మరునాడును మార్చవలెను. కుళాయినీటిలోని క్లోరిను చేపలకును, సూక్ష్మజీవులకును హానికరము. వెడల్పైన పాత్రలో ఒక దినము నిలువయుంచిన క్లోరిను చాలవరకు పోవును. క్లోరమీను కలిపిన నీటికి మాత్రము దానిని విరుచు మందు వేయవలెను.

నీరు మార్చిన సూక్ష్మజీవులు పోవునేమో యను భయము వలదు. అవి ముఖ్యముగా ఇసుకను, ఫిల్టరులోని స్పాంజిని అంటియుండును గాని నీటిలో తేలుచుండునవి స్వల్పము. స్పాంజిని కుళాయి క్రింద కడుగుటయే పెద్ద పొరపాటు. తొట్టినుండి తీసిన నీటిలోనే దానిని మెల్లగా పిండిన చాలును. ఆ జీవులకు ఆమ్లజని కావలెను గనుక ఫిల్టరును రేయింబవళ్లు నడుపవలెను. ఆరోగ్యముగా నున్న పాత తొట్టినుండి స్పాంజి ముక్కను తెచ్చి క్రొత్త ఫిల్టరులో నుంచిన పని త్వరితమగును. పాలకు తోడుపెట్టుట వంటిదే ఇది.

ఈ జ్ఞానము వేడుకకు చేపలు పెంచువారికే పరిమితము కాదు. కోస్తా ఆంధ్రమున చేపల చెరువులను, రొయ్యల చెరువులను నమ్ముకొన్న రైతులు నీటిలోని అమ్మోనియాను పరీక్షింపించుకొందురు. మేత హెచ్చైన మేలు కీడగునని వారెరుగుదురు. ఇంటి గాజుతొట్టి అట్టి చెరువునకు చిన్న ప్రతిరూపము. మేత చల్లుటకు ముందు నీటిని పరీక్షించుట అలవరచుకొన్న పిల్లవాని తొట్టిలో కొన్ని వారములకు గాజుపై సన్నని పచ్చని పొర ఏర్పడును. ఇసుక కొంచెము రంగు మారును. మొదటి దినపు తళుకు దానికి ఉండదు. చేపలు మాత్రము అడుగుననుండి పైవరకు హాయిగా తిరుగుచుండును.