సీడీ ప్లేయరులో వాల్వా, ట్రాన్సిస్టరా?

వాల్వు అనగానే మన పెద్దల తరానికి గుర్తుకు వచ్చేది ఇంటి ముందుగదిలోని రేడియో. మీట తిప్పిన తరువాత కొంతసేపు నిశ్శబ్దం, వెనుకవైపు నారింజ రంగు వెలుగు, ఆపై మెల్లగా పైకి లేచే స్వరం. బెంగళూరులోని భారత్ ఎలెక్ట్రానిక్స్ సంస్థ రేడియో వాల్వుల తయారీని 1961లోను, జెర్మేనియం అర్ధవాహక పరికరాల తయారీని ఆ మరుసటి సంవత్సరమే ప్రారంభించింది. అనతికాలంలోనే ట్రాన్సిస్టరు రేడియో వచ్చి వాల్వును ఇళ్ల నుండి సాగనంపింది. అటువంటి వాల్వు డిజిటల్ యుగానికి చెందిన సీడీ ప్లేయరులో తిరిగి ప్రత్యక్షం కావడం ఆశ్చర్యకరమే.

ఖరీదైన సీడీ ప్లేయర్లు కొనదలచిన సంగీతప్రియులకు తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: వాల్వు ప్లేయరు మధురంగా పలుకుతుంది, ట్రాన్సిస్టరు ప్లేయరు స్పష్టంగా పలుకుతుంది అని. ఈ మాటలో నిజం ఎంత? లక్షలలో ధర పలికే యంత్రాల విషయంలో ఈ ప్రశ్నకు సమాధానం తెలియకుండా నిర్ణయం తీసుకోవడం ఏ కుటుంబానికైనా భారమే. పాత యంత్రాలు చేతులు మారి తక్కువ ధరకు దొరుకుతున్న ఈ రోజులలో ఆ అవసరం మరింత పెరిగింది.

వాల్వు ఉండేది ఎక్కడ?

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. పూర్తిగా వాల్వులతో నిర్మించిన సీడీ ప్లేయరు ప్రపంచంలో లేదు, ఉండడానికి వీలు కూడా లేదు.

సీడీ మీద సంగీతం సూక్ష్మమైన గుంటల వరుసగా ముద్రితమై ఉంటుంది. ఒక వరుసకు, పక్క వరుసకు నడుమ దూరం 1.6 మైక్రాన్లు మాత్రమే. 780 నానోమీటర్ల పరారుణ లేజరు కిరణం వీటిని చదువుతుంది. ఎడమ, కుడి ధ్వనులకు వేరువేరుగా సెకనుకు 44,100 సార్లు, ఒక్కొక్కసారి 16 బిట్ల చొప్పున లెక్క వేస్తే సెకనుకు 14,11,200 బిట్లు అవుతాయి. కిరణాన్ని వరుస తప్పకుండా నడిపించడం, గీతల వలన కలిగే దోషాలను సవరించడం, అంకెలను తిరిగి విద్యుత్తరంగంగా మార్చడం, ఇవన్నీ సిలికాన్ చిప్పులు చేసే పనులే. వాల్వు ప్లేయరులోనైనా ఇంతవరకు మార్గం ఒక్కటే.

ఆ తరువాత, విద్యుత్తరంగాన్ని ఆంప్లిఫయరుకు పంపే చిట్టచివరి మజిలీలో మాత్రమే తేడా వస్తుంది. ట్రాన్సిస్టరు ప్లేయరులో ఆ పనిని ఆప్‌ఆంప్ అనే చిన్న చిప్పు గాని, విడివిడి ట్రాన్సిస్టర్లు గాని చేస్తాయి. వాల్వు ప్లేయరులో ఆ స్థానాన్ని 12ఏఎక్స్7 లేదా 6922 వంటి చిన్న ట్రయోడు వాల్వులు ఆక్రమిస్తాయి. అందులోనూ రెండు రకాలున్నాయి. కొన్నింటిలో వాల్వే నిజంగా ధ్వనిసంకేతాన్ని పెంచుతుంది. మరికొన్నింటిలో ఆప్‌ఆంప్ తన పని యథావిధిగా ముగించిన తరువాత, దాని వెనుక వాల్వును కేవలం ద్వారపాలకునిలా నిలబెడతారు. రెండవ రకంలో వాల్వు వెలుగు కంటికి ఇంపు చేసినంతగా చెవికి చేయదు. కొనేముందు ఈ భేదాన్ని తప్పక అడిగి తెలుసుకోవాలి.

వాల్వు ఎందుకు తిరిగి వచ్చింది?

సోనీ సంస్థ తొలి సీడీ ప్లేయరును 1982 అక్టోబరులో జపానులో విడుదల చేసింది. ఆనాటి యంత్రాలలో 20,000 హెర్ట్జ్ దాటిన వెంటనే తరంగాన్ని నిట్టనిలువుగా కోసివేసే వడపోతలు వాడేవారు. ఎడమ కుడి ధ్వనులు రెండింటికీ ఒకే పరివర్తక చిప్పును వంతులవారీగా వాడిన యంత్రాలూ ఉన్నాయి. ఎల్పీ రికార్డుల కోసం సవరించిన మాతృకలనే కొన్ని సీడీలకు యథాతథంగా ఉపయోగించారు. వీటన్నిటి ఫలితంగా తొలినాటి సీడీ ధ్వని కరుకుగా ఉందని పలువురు శ్రోతలు ఫిర్యాదు చేశారు. 1980ల మధ్యకాలంలో అమెరికాలోని కాలిఫోర్నియా ఆడియో ల్యాబ్స్ వంటి సంస్థలు ఈ కరుకుదనానికి విరుగుడుగా వాల్వును ముందుకు తెచ్చాయి.

అనగా వాల్వు ఒక నిర్దిష్టమైన జబ్బుకు మందుగా వచ్చింది. ఆ తరువాత పరివర్తక చిప్పులు, వడపోతలు ఎంతో మెరుగుపడ్డాయి. జబ్బు చాలావరకు తగ్గిపోయినా మందు మీద మక్కువ మాత్రం మిగిలింది.

మాధుర్యం వెనుక లెక్క

మక్కువకు కారణం లేకపోలేదు. ఏ విద్యుత్పరికరమైనా తన గుండా వెళ్లే స్వరానికి కొన్ని అదనపు స్వరాలను చేరుస్తుంది. వీటిని అనుస్వరాలు అందాం. 240 హెర్ట్జ్ వద్ద షడ్జం పలుకుతున్నదనుకుంటే, రెండవ అనుస్వరం 480, అది తారాషడ్జం. మూడవది 720, తారాస్థాయి పంచమం. ఐదవది 1,200, ఇంకా పై స్థాయిలోని అంతరగాంధారం. చక్కగా శ్రుతి చేసిన తంబురాలో మనకు వినిపించేవీ ఇవే. ఏడవ అనుస్వరం మాత్రం ఏ స్వరస్థానానికీ సరిగా కుదరదు.

ట్రయోడు వాల్వు చేర్చే అదనంలో అధికభాగం రెండవ అనుస్వరమే. అది మూలస్వరంతో కలిసిపోతుంది గనుక దోషంగా తోచదు, నిండుదనంగా తోస్తుంది. మంచి ట్రాన్సిస్టరు వలయం చేర్చే అదనం దీనికంటే ఎన్నో రెట్లు స్వల్పం, నూటికి వెయ్యవ వంతు స్థాయిలో ఉంటుంది. కావున కొలతలో ట్రాన్సిస్టరుదే పైచేయి, అయినా వాల్వు దోషం చెవికి సహ్యమైన దోషం.

అయితే ఇక్కడ రెండు విషయాలు మరువరాదు. మొదటిది పరిమాణం. వాల్వు దోషం నూటికి 0.1 వంతు అయితే అది అసలు ధ్వని కంటే 60 డెసిబెల్లు తక్కువ. పైన ఫ్యాను తిరుగుతూ వీధిలో వాహనాలు పోతున్న గదిలో అంత సూక్ష్మమైన ధ్వని వినబడదు. నూటికి ఒక వంతుకు చేరినప్పుడు దాని ప్రభావం చెవికి తెలిసే అవకాశం ఉంది.

రెండవది, స్వరాలు పెక్కు ఒకేసారి పలికినప్పుడు జరిగేది. 240 వద్ద షడ్జం, 320 వద్ద మధ్యమం కలిసి పలికితే అదే వాల్వు వలయం వాటి మొత్తమైన 560ని, భేదమైన 80ని కూడా పుట్టిస్తుంది. ఈ 560 రిషభానికి, గాంధారానికి నడుమ ఎటూ కాకుండా పడుతుంది. అందువలన దోషం అధికంగా ఉన్న వాల్వు ప్లేయరు మీద ఒంటరి వీణ, ఒంటరి గాత్రం నిండుగా వినిపించినా, అనేక వాద్యాలు ఒక్కసారిగా మోగే సినిమాపాట కొంత మసకబారవచ్చు. ఒకే యంత్రాన్ని ఒకరు మెచ్చుకుని మరొకరు కాదనడానికి వారు వినే సంగీతంలోని తేడా కూడా ఒక కారణం.

పాత పాటల అభిమానులకు మరొక మాట. 1950లనాటి పాటలు రికార్డయిన యంత్రాలే వాల్వు యంత్రాలు. వాల్వు ఇవ్వగలిగిన గుణం ఆ పాటలలో అప్పటికే చేరి ఉంది. ఇంటి ప్లేయరులో మరొక వాల్వు పెట్టినంత మాత్రాన ఆనాటి టేపు మీద నమోదు కాని ధ్వని ఇప్పుడు వెలికి రాదు.

ఆంప్లిఫయరుతో పొత్తు

వాల్వు ప్లేయరు కొన్నవారు పట్టించుకోని అంశం ఒకటి ఉంది. వాల్వు వలయంలోని అధిక వోల్టేజి బయటకు రాకుండా దారిలో ఒక కెపాసిటరును అమరుస్తారు. ఆ కెపాసిటరు, ఆంప్లిఫయరు ద్వారంలోని నిరోధం కలిసి మంద్రధ్వనిని కొంతవరకు కోస్తాయి. ఒక మైక్రోఫారడ్ కెపాసిటరు 47 కిలో ఓముల ఆంప్లిఫయరుకు కలిస్తే కోత మూడున్నర హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, దానితో మనకు ఇబ్బంది లేదు. అదే 10 కిలో ఓముల ఆంప్లిఫయరుకు కలిస్తే 16 హెర్ట్జ్ వరకు వస్తుంది. కెపాసిటరు విలువ అందులో సగమే అయితే 32 హెర్ట్జ్ వరకు పైకి పాకుతుంది. అప్పుడు మృదంగపు తొప్పి, తవిల్ గాంభీర్యం కొంత పలచబడతాయి. కావున వాల్వు ప్లేయరుకు ద్వారనిరోధం ఎక్కువగా ఉన్న ఆంప్లిఫయరే తగిన జోడు. ట్రాన్సిస్టరు ప్లేయరుకు ఇటువంటి పట్టింపు దాదాపు ఉండదు.

విని తేల్చుకోవడం ఎట్లా?

రెండు యంత్రాలను పక్కపక్కన పెట్టి వినడమే ఉత్తమం. అయితే అక్కడొక మెలిక ఉంది. సీడీ ప్లేయరు గరిష్ఠ సంకేతం సాధారణంగా 2 వోల్టులు. కొన్ని వాల్వు ప్లేయర్లు అంతకంటే ఎక్కువ ఇస్తాయి. 2 వోల్టుల స్థానంలో రెండున్నర వోల్టులు వస్తే ధ్వని సుమారు 2 డెసిబెల్లు పెరుగుతుంది. ధ్వని కొద్దిగా పెరిగినప్పుడు చెవి దానిని హెచ్చు అని గ్రహించదు, మేలు అని గ్రహిస్తుంది. అందువలన 1,000 హెర్ట్జ్ పరీక్షాస్వరం ఉన్న సీడీని వేసి, స్పీకరు తీగల వద్ద మల్టీమీటరుతో కొలిచి, రెండింటి వోల్టేజీని నూటికి ఒక వంతు తేడా లోపలికి తెచ్చిన తరువాతనే పోల్చాలి. వింటున్నవారికి ఏ యంత్రం మోగుతున్నదో తెలియకుండా ఉండటం మరీ మంచిది.

అమెరికాలోని కేరీ ఆడియో సంస్థ తన 303/300 ప్లేయరులో వాల్వు మార్గాన్ని, ట్రాన్సిస్టరు మార్గాన్ని రెండింటినీ అమర్చి, ఎంపికను శ్రోతకే వదిలింది. చదివే భాగం, పరివర్తక భాగం ఒక్కటే గనుక వినిపించే తేడా చివరి మజిలీకే చెందుతుంది. అటువంటి యంత్రం అందుబాటులో ఉంటే, ధ్వని మట్టం సరిచూసుకున్న పక్షంలో, వివాదం మీ గదిలోనే తేలిపోతుంది.

పోషణ, భద్రత

వాల్వుకు ఆయుర్దాయం ఉంది. రోజుకు రెండు గంటలు వింటే సంవత్సరానికి 730 గంటలు అవుతాయి. 5,000 గంటలు పనిచేసే వాల్వు సుమారు ఏడు సంవత్సరాలు వస్తుంది. 12ఏఎక్స్7 వంటి రకాలు నేటికీ తయారవుతున్నాయి, సాకెట్టులో నుండి తీసి కొత్తది పెట్టుకోవచ్చు. అయితే వోల్టేజి హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉండే ఊళ్లలో వాల్వులోని తీగ త్వరగా క్షీణిస్తుంది. మంచి స్టెబిలైజరు తప్పనిసరి. యంత్రం లోపల వంద నుండి మూడువందల వోల్టుల వరకు ఉండవచ్చు, మీట ఆపిన తరువాత కూడా కొంతసేపు కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది. మూత విప్పే పని తెలిసినవారికే వదలాలి. పిల్లలున్న ఇంట వాల్వులు బయటకు కనిపించే నమూనాలను అందనంత ఎత్తులో ఉంచాలి.

అయితే వాల్వా, ట్రాన్సిస్టరా అనే ప్రశ్న కంటే పెద్ద ప్రశ్న లేజరు కన్నుది. రెండు రకాల యంత్రాలలోనూ ముందుగా చెడేది తరచు అదే. ఫిలిప్స్ సంస్థ తయారు చేసిన సీడీ ప్రో 2 యంత్రభాగాన్ని ఎన్నో ఖరీదైన ప్లేయర్లలో వాడారు. వాల్వులకు పేరొందిన ఆడియో రీసెర్చ్ వారి రిఫరెన్స్ సీడీ 7 కూడా వాటిలో ఒకటి. ఆ భాగం తయారీ ఆగిపోయింది. లిన్ వంటి ప్రసిద్ధ సంస్థ 2009లో సీడీ ప్లేయర్ల తయారీనే విరమించింది. కాలిపోయిన వాల్వుకు బదులు దొరుకుతుంది, దొరకనిది కన్ను. అది పోయిన నాడు లక్షల రూపాయల యంత్రం అలంకారవస్తువుగా మిగిలిపోతుంది.

కావున కొనేముందు అడగవలసిన వరుస ఇది. ఇందులోని లేజరు భాగం పేరేమిటి, అది నేడు దొరుకుతున్నదా? బాగుచేయగలవారు చేరువలోని నగరంలో ఉన్నారా? బయటి నుండి డిజిటల్ సంకేతాన్ని స్వీకరించే ద్వారం ఉన్నదా? ఈ ద్వారం ఉంటే లేజరు చెడినా మరొక చిన్న ప్లేయరును దానికి కలిపి, పరివర్తకాన్ని, వాల్వులను యథావిధిగా వాడుకోవచ్చు. వీటికి తృప్తికరమైన సమాధానాలు దొరికిన తరువాతనే వాల్వు సంగతి ఆలోచించాలి.

ఇక రుచి మాట. గాత్రం, వీణ, వేణువు ప్రధానంగా వినేవారు, పోషణకు ఓపిక ఉన్నవారు, తగిన ఆంప్లిఫయరు ఉన్నవారు వాల్వు ప్లేయరుతో సంతోషిస్తారు. అన్ని రకాల సంగీతాన్ని వినేవారు, మీట నొక్కగానే పాట రావాలనుకునేవారు, విద్యుత్తు సరిగా లేని చోట ఉన్నవారు ట్రాన్సిస్టరు ప్లేయరును ఎంచుకోవడం మేలు. ఇంకా మంచి స్పీకర్లు కొనని ఇంట మాత్రం ఈ రెండింటికంటే ముందు ఆ సొమ్మును స్పీకర్లకు వెచ్చించాలి. అక్కడ వచ్చే తేడాను గుర్తించడానికి మల్టీమీటరు అవసరం ఉండదు.