ఇనుము తగ్గినా వైరస్‌ పోదు
పసరు మందుతో కాలయాపన తగదు.. 12 వారాల మాత్రలతో హెపటైటిస్‌-సి నుంచి విముక్తి

మర్రిపాడు: వెలిగొండల చెంత ఉన్న మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో కామెర్లు అనగానే ముందుగా గుర్తుకొచ్చేది పసరు మందే. నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి తాగించి, కొన్నాళ్లు పథ్యం పెట్టడం తెలుగు పల్లెల్లో పాత ఆచారం. చాలామందికి కళ్ల పసుపుదనం తగ్గుతుంది కూడా. అయితే ఆ ఘనత మందుదే అనుకుంటే పొరపాటు. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్‌-ఎ, ఇ రకాలు అధిక శాతం మందిలో కొద్ది వారాల్లో వాటంతటవే నయమవుతాయి.

రక్తం ద్వారా సంక్రమించే హెపటైటిస్‌-సి స్వభావం వేరు. సోకిన ప్రతి వంద మందిలో సుమారు 30 మందికే చికిత్స లేకుండా తొలగిపోతుంది. మిగిలిన వారి కాలేయంలో ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది. కళ్లు పచ్చబడకుండానే కాలేయం గట్టిపడుతుంది. కొందరిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది.

ఇనుముతో లంకె

పేగులు ఎంత ఇనుమును గ్రహించాలో నియంత్రించే హెప్సిడిన్‌ అనే హార్మోన్‌ కాలేయంలోనే తయారవుతుంది. సి వైరస్‌ దాని ఉత్పత్తిని తగ్గిస్తుంది. దాంతో ఇనుము కాలేయంలో పేరుకుని కణాలను దెబ్బతీస్తుంది. అదనపు ఇనుమును బయటకు పంపే మార్గం శరీరానికి లేనందున రక్తం తీయడమే ఉపాయమైంది. సుమారు 450 మిల్లీలీటర్ల రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము పోతుంది. 1990వ దశకం నుంచి జపాన్‌ వైద్యులు ఈ పద్ధతిని అనుసరించగా, 2006లో అక్కడి ఆరోగ్య బీమాలోనూ చేర్చారు. రోగుల్లో ఏఎల్‌టీ ఎంజైమ్‌ స్థాయి తగ్గింది. వైరస్‌ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇంటర్‌ఫెరాన్‌ ఇంజెక్షన్లు, రైబావిరిన్‌ మాత్రలు 24 నుంచి 48 వారాలు వాడవలసిన ఆ రోజుల్లో, మందు పడని వారికి అదే ఊరట. నేడు ఆ అవసరం దాదాపు తీరిపోయింది.

ఇనుము చెడ్డదని విని ఆకుకూరలు, మాంసం మానేయడం మరీ ప్రమాదకరం. మన పల్లెల్లో మహిళలకు రక్తహీనతే పెద్ద సమస్య. కాలేయం గట్టిపడిన వారికి మాంసకృత్తులు కొరవడితే కండ కరిగిపోతుంది. ఫెర్రిటిన్‌ పరీక్షలో నిల్వలు ఎక్కువని తేలిన వారే వైద్యుని సలహాతో ఐరన్‌ మాత్రలు, కార్జం తగ్గించుకోవాలి. గర్భిణులు సొంతంగా ఐరన్‌ మాత్రలు ఆపరాదు. అన్నిటికన్నా ముందు మానవలసింది మద్యం.

మూలికల మాటేమిటి?

నేల ఉసిరి హెపటైటిస్‌-బికి పనిచేస్తుందని 1988లో మద్రాసు పరిశోధకులు ప్రకటించినా, తరువాతి పరీక్షల్లో అది నిలవలేదు. సి వైరస్‌ను నిర్మూలించినట్లు రుజువు లేదు. సిలిమారిన్‌ కూడా మందు లేని ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగు కాదని 2012లో అమెరికా పరిశోధన తేల్చింది. తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు 2021లో ముంబయి వైద్యులు వెల్లడించారు. అసలే దెబ్బతిన్న కాలేయంపై ఇలాంటి ప్రయోగాలు ఎందుకు?

2013లో అమెరికాలో విడుదలైన సోఫోస్‌బువిర్‌తో పరిస్థితి మారింది. అక్కడ 12 వారాల కోర్సు ధర 84 వేల డాలర్లు. 2015లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో, హెటెరో సంస్థలు జెనరిక్‌ మాత్రలు తేవడంతో మన దేశంలో ధర ఎన్నో రెట్లు తగ్గింది. 2018 జులై 28న ప్రారంభమైన జాతీయ వైరల్‌ హెపటైటిస్‌ నియంత్రణ కార్యక్రమం కింద నిర్దేశిత ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. సోఫోస్‌బువిర్‌కు డక్లాటాస్విర్‌ జోడించి 12 వారాలు ఇస్తారు. కాలేయం గట్టిపడిన వారికి వెల్పాటాస్విర్‌ జోడిస్తారు. నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. మాత్రలు మొదలుపెట్టే ముందు హెపటైటిస్‌-బి పరీక్ష తప్పనిసరి. అది దాగి ఉంటే ఈ మందులతో విజృంభించే ముప్పుంది.

డయాలసిస్‌ చేయించుకునేవారు, 2000వ దశకం ఆరంభానికి ముందు రక్తం ఎక్కించుకున్నవారు, ఒకే సూదితో పలువురితో పాటు ఇంజెక్షన్‌ లేదా పచ్చబొట్టు వేయించుకున్నవారు పరీక్ష చేయించుకోవాలి. యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్‌ వస్తే ఆర్‌ఎన్‌ఏ పరీక్షతో నిర్ధారిస్తారు. మాత్రలు పూర్తయిన 12 వారాలకు మళ్లీ ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చేయించుకోవాలి. నయమైనా యాంటీబాడీలు రక్తంలో మిగిలే ఉంటాయి కనుక, ఆ నివేదిక చూసి జబ్బు తిరగబెట్టిందని కంగారు పడనక్కర్లేదు.